గుల్లల్లో ఒకడాయిక్ యాసిడ్‌ని పట్టే ఫ్లోరసెంట్ సెన్సర్: లెక్క దగ్గర్నుంచి ప్లేట్ దాకా

మెరైన్ టాక్సిన్ (సముద్రపు విషం) సెన్సర్ మీద ప్రాజెక్ట్ చేసే పిల్లలు నాకు గ్రాఫ్‌లు పంపిస్తుంటారు, చాలా అందంగా ఉంటాయి, గీత కొట్టినట్టు కర్వ్ వస్తది, పికోమోలార్ (చాలా చాలా తక్కువ గాఢత) దాకా పట్టేస్తుంది అంటారు. నేను అడిగేది ఒక్కటే, గుల్ల మాంసంలో పెట్టి చూశావా అమ్మా అని. తొంభై శాతం మంది చూసి ఉండరు, అంతా బఫర్‌లోనే (పీహెచ్ మారకుండా చూసే శుభ్రమైన ద్రావణంలోనే). నేను కూడా మొదట్లో ఏడు నెలలు అలాగే చేశాను, మాంసం ఎక్స్‌ట్రాక్ట్ (మాంసం నుంచి తీసిన ద్రవం) పోసిన మొదటి రోజే కర్వ్ మొత్తం కూలిపోయింది. అందుకే ఒకడాయిక్ యాసిడ్ అనే గుల్ల విషం మీద ఈ గైడ్‌ని తలకిందులుగా రాస్తున్నా, చట్టం పెట్టిన లిమిట్ దగ్గర మొదలుపెట్టి మాంసం మీదుగా వచ్చి చివర్లో సెన్సర్ దగ్గరికి చేరతాం.

ముందు ఇదంతా ఎందుకో కొంచెం చెప్పాలి. సముద్రంలో కొన్ని రకాల సూక్ష్మ నాచు విషాలు తయారు చేస్తాయి, ఆల్చిప్పలూ మస్సెల్సూ క్లామ్సూ నీళ్లు వడకట్టుకుని తినే జీవులు కాబట్టి ఆ విషం వాటి ఒంట్లో పోగవుతుంది, వాటికేమీ కాదు, తిన్న మనిషికి అవుతుంది. 1981లో తమిళనాడులో వాయలూరు దగ్గర క్లామ్స్ తిని ముగ్గురు చనిపోయారు. 1997లో కేరళ విళింజంలో మస్సెల్స్ తిని ఏడుగురు పోయారు, ఐదొందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఉడికిస్తే పోదు, వేపుడు చేసినా పోదు, రుచిలో వాసనలో తేడా ఉండదు. మన కోస్తాలో గుల్లలు తినేవాళ్లు తక్కువే, కాకినాడ వైపు కూడా గుల్ల సున్నానికే ఎక్కువ పోతుంది, కానీ ఎగుమతి అయినా ఇంట్లో కూర అయినా తినేవాళ్లకి టెస్ట్ అనేది ఉండాలి కదా. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు శాటిలైట్ నుంచి ఆల్గల్ బ్లూమ్ (నాచు ఒక్కసారిగా విపరీతంగా పెరగడం) సమాచారం ఇస్తారు, అది చాలా మంచి పని, కానీ డైనోఫిసిస్ లాంటి నాచు లీటర్ నీళ్లలో కొన్ని వందల కణాలున్నా చాలు గుల్లలు విషమైపోతాయి, నీళ్ల రంగు కూడా మారదు, దాన్ని పైనుంచి చూసి పట్టలేం. మాంసాన్నే టెస్ట్ చేయాలి.

ఇప్పుడు ఏ టాక్సిన్ తీసుకోవాలి అనేది. వాయలూరు, విళింజం కేసుల్లో మనుషుల్ని చంపింది పక్షవాతం తెచ్చే రకం విషం, సాక్సిటాక్సిన్ కుటుంబం. దాని మీదే చేద్దామని అందరికీ ఉంటది, కానీ సాక్సిటాక్సిన్ కెమికల్ వెపన్స్ కన్వెన్షన్‌లో షెడ్యూల్ 1లో ఉంది, కాలేజీ ల్యాబ్‌కి దాని స్టాండర్డ్ (గాఢత తెలిసిన నమూనా) తెప్పించడం అంటే కాగితాలతోనే ఏడాది గడిచిపోద్ది. మొదటి ప్రాజెక్ట్‌కి ఒకడాయిక్ యాసిడ్ తీసుకోండి. ఇది విరేచనాలు, వాంతులు తెప్పించే రకం, తిన్న అరగంట నుంచి కొన్ని గంటల్లో మొదలై సాధారణంగా మూడు రోజుల్లో తగ్గుతుంది. ప్రాణాంతకం కాదని తేలిగ్గా తీసుకోవద్దు, ఎలుకల చర్మం మీద ట్యూమర్‌ని పెంచుతుందని ఎప్పుడో తేలింది, గ్లవ్స్ లేకుండా స్టాండర్డ్ వయల్ ముట్టుకోకండి. సర్టిఫైడ్ స్టాండర్డ్ కెనడా ఎన్‌ఆర్‌సీ (నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్) దగ్గర దొరుకుతుంది, విషం ఎంతుందో ముందే కొలిచి పెట్టిన మస్సెల్ మాంసం కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది, బడ్జెట్ ఉంటే రెండూ ఒకేసారి తెప్పించుకోండి.

ఇక లెక్క. పెన్ను కాగితం తీసుకుని ఇది మీరే వేయండి, ఎందుకంటే మీ సెన్సర్ డిజైన్ మొత్తం ఈ ఐదు లైన్ల మీదే నిలబడుతుంది. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) లిమిట్, యూరప్ లిమిట్ రెండూ ఒకటే, కిలో మాంసానికి 160 మైక్రోగ్రాములు. మనం తీసుకునేది 2 గ్రాముల మాంసం, అందులో సరిగ్గా లిమిట్ దగ్గర ఉంటే 0.32 మైక్రోగ్రాములు ఉంటది. దాన్ని మెథనాల్‌తో తీసి 20 ఎంఎల్ చేస్తాం, అంటే ఎంఎల్‌కి 16 నానోగ్రాములు. ఒకడాయిక్ యాసిడ్ మాలిక్యులర్ వెయిట్ 805, కాబట్టి ఇది సుమారు 20 నానోమోలార్ (లీటర్‌కి ఒక మోల్‌లో వంద కోట్లో వంతు ఉంటే 1 నానోమోలార్). అంతే. మీ సెన్సర్ ఎంత గొప్పదైనా దాని చేతికి వచ్చేది ఈ 20 నానోమోలారే, అది కూడా నిండా మెథనాల్, కొవ్వు, రంగులు కలిసిన ద్రవంలో. ఆ చెత్త ప్రభావం పోవాలంటే కనీసం ఇరవై రెట్లు పలచన చేయాలి, అప్పుడు మిగిలేది 1 నానోమోలార్. మీ సెన్సర్ ఆ 1 నానోమోలార్ దగ్గర హాయిగా పనిచేయాలి, చివరి అంచున ఆయాసపడుతూ కాదు.

ఈ లెక్క వేశాక ఏది వాడాలో దానంతట అదే తేలిపోతుంది. ఇప్పుడు అందరూ ఆప్టమర్ (ఏరికోరి ఒక పదార్థాన్నే పట్టుకునే డీఎన్ఏ ముక్క) అంటున్నారు, డీఎన్ఏ ముక్కకి ఒక వైపు ఫ్లోరోఫోర్ (వెలిగే అణువు) పెట్టి, దాని ఎదురు ముక్కకి క్వెంచర్ (ఆ వెలుగుని ఆర్పేది) పెట్టి, టాక్సిన్ రాగానే ముక్క ఊడి వెలుగొచ్చేలా చేయడం, చూడ్డానికి ముచ్చటగా ఉంటది. కానీ 2013లో ఒకడాయిక్ యాసిడ్‌కి వచ్చిన ఆప్టమర్ కేడీ (సగం ఆప్టమర్ టాక్సిన్‌ని పట్టుకునే గాఢత) 77 నానోమోలార్. మన దగ్గర ఉన్నది 1. డెబ్బై ఏడు రెట్లు కింద ఉన్నాం, బఫర్‌లో ఏదో ఒకటి చేసి సిగ్నల్ రాబట్టొచ్చు కానీ మాంసంలో దాన్ని నేను నమ్మను. యాంటీబాడీ బాగానే పట్టుకుంటది, కాకపోతే ఈ కుటుంబంలో ఒకడాయిక్ ఒక్కటే కాదు, డైనోఫిసిస్‌టాక్సిన్ 1, 2 కూడా ఉంటాయి, యాంటీబాడీ ఒకదాన్ని గట్టిగా ఇంకోదాన్ని బలహీనంగా పట్టుకుంటే లెక్క తప్పుతుంది.

నేను సలహా ఇచ్చేది ఎంజైమ్, ప్రోటీన్ ఫాస్ఫటేజ్ 2ఎ. ఒకడాయిక్ యాసిడ్ మన పేగులో చేసే పనే ఇది, ఈ ఎంజైమ్‌ని ఆపేయడం, ఒక నానోమోలార్ కంటే తక్కువలోనే సగం ఆపేస్తుంది. అంటే విషం ఒంట్లో ఎవరిని కొడుతుందో వాణ్ణే మనం ప్లేట్‌లో కాపలా పెడుతున్నాం. డైనోఫిసిస్‌టాక్సిన్లు కూడా ఇదే ఎంజైమ్‌ని ఆపుతాయి కాబట్టి మొత్తం కుటుంబం ఒకేసారి లెక్కలోకి వస్తది.

పని చేసే పద్ధతి చాలా సింపుల్. ఎంజైమ్‌కి ఒక సబ్‌స్ట్రేట్ (అది పని చేసే పదార్థం) ఇస్తాం, దాని మీద ఫాస్ఫేట్ ఉన్నంత సేపు అది వెలగదు, ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్ కత్తిరిస్తే నీలంగా వెలుగుతుంది. విషం ఉంటే ఎంజైమ్ ఆగుతుంది, వెలుగు తగ్గుతుంది. సబ్‌స్ట్రేట్‌లో చవకగా దొరికేది 4-ఎంయూపీ, కానీ దాన్నుంచి వచ్చే పదార్థం బాగా వెలగాలంటే పీహెచ్ బాగా ఎక్కువ ఉండాలి, మన ఎంజైమ్ పనిచేసే 7.5 దగ్గర వెలుగు సగం కూడా రాదు. డైఎఫ్ఎంయూపీ (DiFMUP) అని దానికే ఫ్లోరిన్ తగిలించిన రకం ఉంటది, అది మామూలు పీహెచ్‌లోనే పూర్తిగా వెలుగుతుంది, 358 నానోమీటర్ల దగ్గర లైట్ వేసి 450 దగ్గర చదవండి. ఖరీదెక్కువే కానీ ఇక్కడ పొదుపు చేయకండి.

బఫర్ గురించి ఒక నిలువెత్తు హెచ్చరిక. పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్) వాడకండి. ల్యాబ్‌లో ఎప్పుడూ బాటిల్ నిండా ఉంటుంది కాబట్టి చెయ్యి దానిమీదికే పోద్ది, నేను వాడాను, మూడు వారాలు ఎంజైమ్ చచ్చిపోయి వచ్చిందనుకుని సప్లయర్‌కి మెయిల్స్ పెట్టాను. తప్పు నాదే. ఫాస్ఫేట్ కత్తిరించే ఎంజైమ్‌ని ఫాస్ఫేట్‌లోనే ముంచితే అదెలా పనిచేస్తది, నిండా ఉన్న ఫాస్ఫేటే దాన్ని ఆపేస్తుంది. ట్రిస్ తీసుకోండి, 50 మిల్లీమోలార్, పీహెచ్ 7.5, అందులో మాంగనీస్ క్లోరైడ్ 1 మిల్లీమోలార్, డీటీటీ (ఎంజైమ్ ఆక్సీకరణం కాకుండా కాపాడేది) 2 మిల్లీమోలార్, గిన్నె గోడలకి ఎంజైమ్ అంటుకోకుండా కొంచెం బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసిన ప్రోటీన్). ఇవి నేను మొదలుపెట్టే అంకెలు, మీరు కొన్న ఎంజైమ్‌తో వచ్చిన కాగితం చూసి సర్దుకోండి. మాంగనీస్, డీటీటీ కలిపాక నిల్వ పెడితే గోధుమ రంగు తిరుగుతుంది, ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి. ఈడీటీఏ (మాంగనీస్ లాంటి లోహాల్ని పట్టేసుకునేది) ఉన్న ఏ ద్రావణమూ దగ్గరికి రానివ్వకండి.

మాంసం తయారీ దగ్గర ఓపిక కావాలి. గుల్లల్ని బయట నీళ్లతో కడిగి, కత్తితో తెరిచి, లోపల ఇసుక పోయేలా కడిగి, మాంసం తీసి జల్లెడ మీద ఐదు నిమిషాలు నీరు ఓడనివ్వండి. తెరుచుకోవట్లేదని వేడి నీళ్లలో వేయొద్దు. కనీసం 100 నుంచి 150 గ్రాముల మాంసం కలిపి మిక్సీ పట్టాలి, ఒకటి రెండు గుల్లలతో చేస్తే ఆ అంకెకి అర్థం లేదు, పక్కపక్కన పెరిగిన రెండిట్లోనే విషం బాగా తేడా ఉంటది. విషమంతా ఎక్కువగా ఆ ముదురు గోధుమ రంగు జీర్ణగ్రంథిలో ఉంటుంది కాబట్టి ముద్దలో ఆ రంగు చారలు కనిపించకుండా మొత్తం ఒకే రంగు వచ్చేదాకా తిప్పండి. అందులోంచి 2.00 గ్రాములు తూచి, 9 ఎంఎల్ మెథనాల్ పోసి మూడు నిమిషాలు వోర్టెక్స్ చేసి (మెషీన్ మీద గిలకొట్టి), సెంట్రిఫ్యూజ్ చేసి పై ద్రవం తీసి పెట్టుకోండి. మిగిలిన ముద్దకి మళ్లీ 9 ఎంఎల్ పోసి అదే పని, రెండూ కలిపి సరిగ్గా 20 ఎంఎల్‌కి తేవాలి. ఎక్స్‌ట్రాక్ట్‌ని గాజు వయల్‌లో ఉంచండి, కొవ్వులో కరిగే టాక్సిన్లు, పలచగా ఉన్నప్పుడు ప్లాస్టిక్‌కి అంటుకుంటాయి.

తర్వాతి స్టెప్ చాలామంది వదిలేస్తారు. గుల్ల ఒంట్లో ఒకడాయిక్ యాసిడ్‌లో కొంత భాగం కొవ్వు ఆమ్లంతో కలిసి ఎస్టర్‌గా ఉంటుంది, ఆ రూపంలో అది ఎంజైమ్‌ని ఆపదు, సెన్సర్‌కి కనపడదు, కానీ మనిషి కడుపులోకి వెళ్లాక విడిపోయి పని చేస్తుంది. కాబట్టి ముందే విడదీయాలి, దీన్నే హైడ్రాలిసిస్ అంటారు. 2 ఎంఎల్ ఎక్స్‌ట్రాక్ట్‌కి 250 మైక్రోలీటర్ల 2.5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ వేసి, 76 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచి, చల్లారాక అంతే పరిమాణం 2.5 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి న్యూట్రలైజ్ చేయాలి. ఇక్కడో సంగతి, మెథనాల్ మరిగేది 65 డిగ్రీల దగ్గర, మనం పెడుతున్నది 76లో, అంటే మూత కొంచెం వదులైనా ద్రవం ఆవిరైపోతుంది, మిగిలింది చిక్కబడుతుంది. ఒకసారి నా ఆరు ట్యూబుల్లో రెండిటికి మూత సరిగ్గా పడలేదు, విషం లేని మాంసం కూడా లిమిట్ దాటినట్టు చూపించింది, నేను ఆనందంగా పాజిటివ్ అని నోట్‌బుక్‌లో రాసుకున్నా కూడా. ట్యూబ్ ఎత్తి వెలుతురుకి పెట్టి చూస్తే పక్కదానికంటే మట్టం వేలెడు కిందికి ఉంది. అప్పట్నుంచి పెట్టేముందు తూస్తా, తీశాక తూస్తా, తగ్గినంత మెథనాల్ పోస్తా, బాగా తగ్గితే ఆ ట్యూబ్ పారేసి మళ్లీ మొదలు.

ఇప్పుడు 2 ఎంఎల్ కాస్తా 2.5 అయింది, కాబట్టి లిమిట్ దగ్గర ఉన్న ఎక్స్‌ట్రాక్ట్‌లో 20 కాదు, 16 నానోమోలార్. బఫర్‌తో ఇరవై రెట్లు పలచన చేస్తే 0.8. ఈ 0.8 అంకెని ల్యాబ్ గోడ మీద అంటించుకోండి, మీ స్టాండర్డ్ కర్వ్ దీని చుట్టూ ఉండాలి, 0, 0.2, 0.4, 0.8, 1.6, 3.2 నానోమోలార్ పెడితే లిమిట్ సరిగ్గా మధ్యలోకి వస్తుంది.

నల్ల రంగు 96 బావుల ప్లేట్ తీసుకోండి, తెల్లదీ పారదర్శకంగా ఉన్నదీ వద్దు. బావికి 50 మైక్రోలీటర్ల పలచన చేసిన శాంపిల్, 50 ఎంజైమ్, 30 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచండి, విషం ఎంజైమ్‌ని పట్టుకోవడానికి టైమ్ కావాలి. తర్వాత 100 మైక్రోలీటర్ల సబ్‌స్ట్రేట్ మల్టీఛానల్ పిపెట్‌తో ఒకేసారి వేసి, రెండు నిమిషాలకోసారి చొప్పున అరగంట చదవండి. అరగంట అయ్యాక ఒకే ఒక్క రీడింగ్ తీసుకోవడం వద్దే వద్దు, స్లోప్ కావాలి, అంటే వెలుగు ఎంత వేగంగా పెరుగుతోందో. కారణం చెప్తా. గుల్ల మాంసం దానంతట అదే నీలంగా వెలుగుతుంది, కణాల్లో సహజంగా ఉండే ఎన్‌ఏడీహెచ్ లాంటివి మన 450 దగ్గరే వెలుగుతాయి. ఆ వెలుగు మొదట్నుంచీ చివరిదాకా ఒకేలా ఉంటది, పెరగదు. ఎంజైమ్ ఇచ్చే వెలుగు నిమిషం నిమిషానికీ పెరుగుతుంది. స్లోప్ తీస్తే మాంసం సొంత వెలుగు దానంతట అదే తీసివేతలో పోతుంది.

ఈ సెన్సర్‌లో బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే సిగ్నల్ తలకిందులుగా ఉంటది. వెలుగు తగ్గితే విషం ఉన్నట్టు. కాబట్టి వెలుగు తగ్గించే ప్రతిదీ విషంలాగే కనపడుద్ది, వెలుగు పెంచే ప్రతిదీ విషాన్ని దాచేస్తుంది. మొదటిది డబ్బు నష్టం, మంచి సరుకు పారబోస్తారు. రెండోది మనిషికి నష్టం. గుల్ల ఒంట్లో సొంత ఫాస్ఫటేజ్‌లు ఉంటాయి, మెథనాల్ దెబ్బకి చాలావరకు పోతాయి కానీ ఏ కొంచెం మిగిలినా మన సబ్‌స్ట్రేట్‌ని అవే కత్తిరించి వెలుగు పుట్టిస్తాయి, మన ఎంజైమ్ పూర్తిగా ఆగిపోయినా బావి వెలుగుతూనే ఉంటది, సేఫ్ అని రిపోర్ట్ వస్తది. అందుకే ప్రతి శాంపిల్‌కి నాలుగు రకాల బావులు పెడతాను నేను. మొదటిది మామూలు టెస్ట్. రెండోది ఎంజైమ్ లేకుండా శాంపిల్, సబ్‌స్ట్రేట్ మాత్రమే, ఇందులో స్లోప్ వస్తే గుల్ల సొంత ఫాస్ఫటేజ్ బతికుందని. మూడోది శాంపిల్‌కి మనమే 0.8 నానోమోలార్ విషం కలిపి, కలిపింది కనపడుతోందా లేదా చూసుకోవడానికి. నాలుగోది శాంపిల్‌లో ఫాస్ఫేట్ ముందే ఊడిపోయి వెలుగుతున్న పదార్థం తెలిసినంత వేసి, బఫర్‌లో అంతే వేసినదానితో పోల్చడం, రంగు ఎక్కువున్న ఎక్స్‌ట్రాక్ట్ వెలుగుని మింగేస్తుంటే ఇక్కడ దొరికిపోద్ది. ప్లేట్‌లో ఎక్కువ చోటు తింటుంది నిజమే, శాంపిళ్లు తగ్గించుకోండి కానీ ఈ బావులు తగ్గించకండి.

ఎంజైమ్ ఎంత వేయాలి అనేది ఇంకో చిక్కు. సిగ్నల్ బాగా రావాలని ఎంజైమ్ గుప్పుతారు. ఈ విషం ఎంజైమ్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే దాదాపు ఒక అణువుకి ఒక అణువు లెక్క, మీరు 5 నానోమోలార్ ఎంజైమ్ పోస్తే దాన్ని సగం ఆపడానికే 2.5 నానోమోలార్ విషం కావాలి, అప్పుడు 0.8 ఎక్కడ కనపడుతుంది? ఎంజైమ్‌ని సగం సగం తగ్గించుకుంటూ పోయి, అరగంటలో సరళరేఖ వచ్చే అతి తక్కువ మోతాదు పట్టుకోండి. బ్యాచ్ మారితే మళ్లీ ఇదే పని. ఎంజైమ్‌ని వచ్చిన రోజే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, మళ్లీ మళ్లీ కరిగించి గడ్డకట్టిస్తే రెండో వారానికే బలం పోతుంది.

స్టాండర్డ్ కర్వ్ బఫర్‌లో గీయొద్దు, విషం లేని గుల్లల ఎక్స్‌ట్రాక్ట్‌ని అచ్చం ఇలాగే హైడ్రాలిసిస్ చేసి అదే ఇరవై రెట్లు పలచన చేసి, అందులో స్టాండర్డ్ కలిపి గీయండి. ఆ విషం లేని గుల్లలు కూడా ఒకే చోటివి, ఒకే నెలవి అయితే సరిపోదు, గుడ్లు పెట్టే సీజన్లో కొవ్వు వేరు, తర్వాత వేరు, పచ్చ మస్సెల్ వేరు, ఆల్చిప్ప వేరు. కనీసం ఇరవై వేర్వేరు ఖాళీ శాంపిళ్లు చదివి అవెంత ఊగుతున్నాయో చూశాకే డిటెక్షన్ లిమిట్ అని ఒక అంకె రాయండి. ఆ తర్వాత మాంసంలోనే కిలోకి 80, 160, 240 మైక్రోగ్రాముల లెక్కన విషం కలిపి, మిక్సీ స్టెప్ తర్వాత నుంచి మొత్తం మళ్లీ చేసి, వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు, 80 నుంచి 110 శాతం మధ్య తిరిగి వస్తుంటే మీ చేతిలో ఒక పనికొచ్చే టెస్ట్ ఉన్నట్టు.

ఒక మినహాయింపు ఉంది. మంచినీటి నాచు తయారు చేసే మైక్రోసిస్టిన్ కూడా ఇదే ఎంజైమ్‌ని ఆపుతుంది. గోదావరి ముఖద్వారాల్లాంటి చోట, చెరువుల నీళ్లు వచ్చి సముద్రంలో కలిసే చోట తీసిన గుల్లల్లో పాజిటివ్ వస్తే అది ఒకడాయికే అని ఒట్టేసి చెప్పలేం. అసలు ఏ పాజిటివ్‌నైనా ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్‌కి (అణువుల్ని విడదీసి బరువుని బట్టి గుర్తుపట్టే మెషీన్‌కి) పంపాల్సిందే, యూరప్‌లో 2011 నుంచి ఈ టాక్సిన్లకి అధికారిక పద్ధతి అదే, అంతకు ముందు ఎలుకలకి ఎక్కించి చూసేవాళ్లు. మన సెన్సర్ పని జల్లెడ పట్టడం, రోజుకి నలభై శాంపిళ్లలో ఏ మూడు ఆ ఖరీదైన మెషీన్‌కి పోవాలో చెప్పడం. అందుకని నేను గీత 160 దగ్గర కాకుండా 80 దగ్గర గీస్తాను, దాటిన ప్రతిదీ పంపిస్తాను, అనవసరంగా నాలుగు ఎక్కువ పంపినా ఒక్కటి జారిపోకూడదు.

ప్లేట్‌లో అంతా కుదిరాకే జెట్టీ దగ్గరికి తీసుకెళ్లే సంగతి ఆలోచించండి. ఎంజైమ్‌ని పాలీవినైల్ ఆల్కహాల్ లాంటి జెల్‌లో బంధించి చిన్న బావుల్లో ఆరబెడితే ఫ్రిజ్‌లో నిల్వ ఉంటుంది, 365 నానోమీటర్ల యూవీ ఎల్‌ఈడీ, ఫోన్ కెమెరా, దాని ముందు ఒక నీలం ఫిల్టర్, ఇంతే పరికరం. కెమెరాలో ఆటో ఎక్స్‌పోజర్ ఆపేసి ప్రతి ఫొటోలో విషం లేని బావినీ 0.8 బావినీ పక్కనే ఉంచండి, ఎండ నీడ మారినా ఆ రెండిటి మధ్య శాంపిల్ ఎక్కడుందో చూసుకోవచ్చు. జెల్‌లో పెట్టాక ఎంజైమ్ నెమ్మదిస్తుంది, 20 నిమిషాలు సరిపోదు, ఎంతసేపు కావాలో మళ్లీ కొలుచుకోవాలి. మిక్సీ పట్టిన ముద్ద మిగిలింది పారేయకుండా తేదీ, చోటు, గుల్ల రకం రాసి మైనస్ 20లో పెట్టి ఉంచండి, ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్ రిపోర్ట్ చేతికి వచ్చేదాకా అది ఉండాలి, రెండు అంకెలూ కలవకపోతే మళ్లీ 2 గ్రాములు తూచి మొదట్నుంచి చేయడానికి.